నలుపు కనబడని కన్ను

భార్య నాగవ్వను ఇంట్లో పెట్టి బయట గడియ వేసింది ఒక్కరోజే. గట్టయ్య కిరాణా దుకాణం దాకా పోయి చాపత్తా, చక్కెర తెచ్చుకున్నంతసేపు. తిరిగి వచ్చేసరికి ఆమె తలుపు బాది బాది అరచేతులు కమిలిపోయి, వేళ్ల కణుపుల దగ్గర తోలు లేచి, "ఎవలన్న తియ్యుండ్రే, మా పోరడు డ్యూటీ దిగే యాళ్లయింది" అని మొత్తుకుంటోంది. వాడకట్టంతా వాకిళ్లలోకి వచ్చి చూస్తోంది. గడియ తియ్యడానికి ఒక్కరికీ చెయ్యి రాలేదు గానీ, నిలబడి చూడటానికి అందరికీ తీరిక దొరికింది. గట్టయ్య గడియ తీసి, ఆ చేతులను తన చేతుల్లోకి తీసుకుని, ఈ జన్మలో మళ్లీ ఆమె మీద తలుపు వెయ్యనని ఒట్టు పెట్టుకున్నాడు.

ఒట్టు పెట్టుకోవడానికేం, నోరుంటే చాలు. నిలబెట్టుకోవడమే కష్టం. బెల్లంపల్లి కంపెనీ క్వార్టర్లో వాళ్లు ముగ్గురే ఉంటారు. కోడలు స్పందన పొద్దున్నే ఆఫీసు డ్యూటీకి పోతే సాయంత్రం ఐదున్నరకు గానీ రాదు. మధ్యలో ఇంట్లో ఉండేది ముసలాయన, ముసలామె. నాగవ్వకు మతిమరుపు జబ్బు మొదలై రెండేళ్లయింది. కూరలో ఉప్పు మరిచిపోయింది, పక్కింటి బాలవ్వ పేరు మరిచిపోయింది, ఒక్కోసారి గట్టయ్యనే ఎవరో చుట్టమనుకుని "కూసో అన్నా, నీళ్లు తాగుతవా" అంటుంది. ఒక్కటి మాత్రం మరవలేదు. కొడుకు సాయిచంద్ ఫస్ట్ షిఫ్టుకు పోయాడు, మూడింటికి బొగ్గుబాయి కూత వేస్తుంది, వాడు పైకి వస్తాడు, వచ్చేసరికి ఆకలితో ఉంటాడు. ఇది ఆమెకు పొద్దు పొడిచినంత నిజం.

సాయిచంద్ పోయి మూడేళ్లు దాటింది. బాయిలో పైకప్పు కూలి ఇద్దరు పోయారు, అందులో వాడొకడు. ఆ రోజు కొడుకు తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది ఆమే. ఆ ఏడుపునూ మరిచిపోయింది. దేవుడు ఆమెకు చేసిన మేలు అదొక్కటే అనుకునేవాడు గట్టయ్య, కొన్నిసార్లు అసూయగా కూడా.

మూడు కొట్టే ముందు నాగవ్వ జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం గిన్నెలో పెట్టుకుని బాయి గేటు దారి పడుతుంది. గేటు మైలు దూరం. మధ్యలో బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్డు. గట్టయ్య కంటికి రెప్పలా కాచుకునేవాడే. కానీ ముప్పై ఐదేళ్లు షిఫ్టులు తిరిగిన ఒళ్లు అది. నాలుగు మెతుకులు తిని గోడకు ఆనుకుంటే చాలు, కునుకు అడక్కుండానే వచ్చేస్తుంది. అలా కునుకు పట్టిన రెండుసార్లూ ఆమె రోడ్డు దాటేసింది. రెండోసారి గేటు దగ్గరి నుంచి తీసుకొచ్చినప్పుడు స్పందన మెల్లగానే చెప్పింది.

"మామా, నేను నీ మీద కోపంతోని అంటలేను. ఇంకోపాలి గిట్లయితే తాళమన్న ఏద్దాం, లేకుంటే బోథ్‌ల వదినె దగ్గరికన్న తోలుదాం. రోడ్డు మీద ఏమన్నయితే నేను తట్టుకోలేను. ఒక్కపాలి అయిందే సాలు."

బోథ్‌లో ఉన్న కూతురికి పత్తి చేనే లోకం. పత్తి తీత పనులు మొదలైతే ఇంట్లో పిల్లి కూడా ఉండదు. అక్కడికి పంపినా తాళమే, ఇక్కడ ఉంచినా తాళమే. గట్టయ్యకు నాగవ్వ కమిలిన అరచేతులు గుర్తొచ్చాయి. "నాకు జర టైమియ్యి బిడ్డా" అన్నాడు. ఆ రాత్రి అన్నం తింటూ తలెత్తి చూస్తే, బీరువా మీద దుమ్ము పట్టి, సాయిచంద్ చేసిన రోబో బండి కనబడింది.

బండి అంటే ఏమంత గొప్పది కాదు. ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా మూత, బొమ్మ కారు చక్రాలు, రెండు చిన్న మోటార్లు, ముందర రెండు కన్నులు. సాయిచంద్ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివేటప్పుడు చేశాడు. గట్టయ్య బాయిలో ఎలక్ట్రీషియన్. జీవితమంతా చెయ్యంత లావు కేబుళ్లతో కుస్తీ పట్టినవాడికి ఆ వెంట్రుకంత తీగలు చూస్తే నవ్వొచ్చింది.

"గిదేం కన్నురా? గుడ్డికన్ను" అన్నాడు అప్పుడు.

"కన్నే బాపు. సూడు, గిది దీపం. మనకు కనబడని వెలుతురిస్తది." వాడు ఫోను కెమెరా ఆ బల్బు ముందు పెట్టాడు. మామూలుగా చూస్తే ఆరిపోయినట్టున్న బల్బు ఫోనులో ఊదారంగుగా వెలిగింది. "గా వెలుతురు ఎదురుంగ ఉన్నదానికి తాకి మర్లి అస్తది. పక్కన గీ కన్ను దాన్ని పట్టుకుంటది. పట్టుకున్న కరెంటు చీమంత. గీ మూడు కాళ్ల ట్రాన్సిస్టర్ దాన్ని ఏనుగంత జేస్తది. ఎంటనే మోటార్ ఆగుతది. అంతే."

"చీమ ఏనుగైతది. మంచిగున్నది. మీ అవ్వ కోపం లెక్క."

లోపల రొట్టెలు చేస్తున్న నాగవ్వ "ఇన్నా, ఇన్నా" అంది. ఆ వంటింటి గచ్చు మీదే నెల రోజులు తండ్రీకొడుకులు కూర్చుని టంకం పెట్టారు. దీపం వెలుగు పక్కనున్న కన్నులోకి నేరుగా దూరకుండా పాత పెన్ను గొట్టం కోసి నల్ల టేపు చుట్టి తొడిగింది గట్టయ్యే. ఎంత దూరంలో ఆగాలో సరిచేసే చిన్న మరను స్క్రూడ్రైవరుతో తిప్పీ తిప్పీ వాడి చూపుడువేలికి కాయ కాసింది.

కరీంనగర్‌లో కాలేజీల పోటీ. బండి గోడ దగ్గర ఆగింది, కుర్చీ దగ్గర ఆగింది, ఒక పాప అడ్డం పెట్టిన చెయ్యి దగ్గర ఆగి పక్కకు తిరిగింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో పోయి పోయి, ముఖ్య అతిథి తళతళలాడే నల్ల బూటును కుమ్మేసింది. ఆగలేదు సరికదా, ఎక్కడానికి చూసింది. హాలంతా గొల్లుమంది. బహుమతి పోయింది. తిరుగు బస్సులో గట్టయ్య కొడుకు మొహం చూడలేక కిటికీలోంచి చూస్తుంటే, వాడు ఉన్నట్టుండి తొడ చరుచుకుని నవ్వాడు.

"సమజైంది బాపూ! నలుపు వెలుతురును తాగేస్తది, మర్లియ్యది. దీనికి నల్లది కనబడది!"

"అరె, గదా సంగతి? గది నన్నడిగితే నేను జెప్పకపోదునా" అన్నాడు గట్టయ్య. నిజంగానే బాయిలో ఆ సంగతి తెలియనివాడు ఉండడు. బొగ్గు గోడ మీద ఎంత లైటు కొట్టినా గుటుక్కున మింగేస్తుంది. అందుకే దారుల గోడలకు సున్నం పూస్తారు. సున్నం పూయని చోట రెండడుగుల అవతల నిలబడ్డ మనిషి కూడా తెలియడు.

తర్వాత వాడు హైదరాబాదులో లిఫ్టులు బాగుచేసే పనిలో చేరాడు. బాగానే ఉన్నాడు. కానీ బొగ్గు ఊళ్లలో ఒక ఆచారం ఉంది. రిటైరు కావడానికి రెండేళ్ల ముందే తండ్రి ఆరోగ్యం బాగోలేదని డాక్టర్ల ముందు నిలబడి నౌకరి వదులుకుంటాడు, అది కొడుక్కి వస్తుంది. పొలం ఉన్నవాడు పొలం ఇస్తాడు, బాయి ఉన్నవాడు బాయి ఇస్తాడు. గట్టయ్య కూడా నడుము నొప్పిని రెండింతలు చేసి చెప్పి తన నౌకరి ఇచ్చాడు. "పర్మినెంటు నౌకరిరా, లిఫ్టులేంది, గాల్ల యేలాడుడు" అన్నాడు. వాడు రానని ఒక్కమాటా అనలేదు. వచ్చాడు, పెళ్లి చేసుకున్నాడు, మూడేళ్లు తిరక్కుండానే పోయాడు. తన కింద కూలవలసిన కప్పు కొడుకు మీద కూలిందని గట్టయ్య నమ్మకం. కంపెనీ ఆ నౌకరిని కోడలికి ఇచ్చింది, ఆఫీసులో పని. ఒక్క నౌకరి ఇంట్లో మూడు చేతులు మారింది.

మర్నాడు గట్టయ్య బీరువా మీది బండి దించి, బట్టతో తుడిచి, రెండు కన్నుల్లో ఒకదాన్ని విప్పాడు. మోటారును ఆపే తీగకు, కన్ను పట్టుకోగానే మోగేలా చిన్న బజ్జరు కలిపాడు. అంతకుమించి ఒక్క టంకం చుక్క కదపలేదు. దీపం, దాని పక్కనే కన్ను, వెనక ట్రాన్సిస్టర్, అన్నీ సాయిచంద్ చేత్తో పెట్టినవి, పెట్టినట్టే ఉండాలి. తలుపు రెండు రెక్కల్లో ఒకటి బిగించేసి, మనిషి పట్టేంత సందు మాత్రం ఉంచి, తలుపు చెక్కకు నడుమెత్తున ఆ కన్నును మేకుతో కొట్టాడు. తను అటూ ఇటూ పదిసార్లు నడిచాడు. పదిసార్లూ కుయ్యిమంది.

"గదేంది?" అంది నాగవ్వ.

"సాయిగాని కన్ను. నిన్ను సూస్తుంటడు."

"సూడనీ" అంది ఆమె, నవ్వుతూ.

పదకొండు రోజులు నడిచింది. మూడు కొట్టేముందు కుయ్యిమనగానే గట్టయ్య లేచేవాడు. ఆమెను తిట్టేవాడు కాదు, ఆపేవాడు కాదు. చెప్పులు వేసుకుని ఆమె చెయ్యి పట్టుకుని గేటు దాకా పోయేవాడు. షిఫ్టు దిగినవాళ్లంతా వెళ్లిపోయాక "ఇయ్యాల ఓవర్‌టైం పడ్డట్టుంది" అనేవాడు. "అట్లనా" అని ఆమె వెనక్కి తిరిగేది. దారిలో ఆ రొట్టె ఇద్దరూ తినేవాళ్లు. చెప్పొద్దూ, ఆ పదకొండు రోజులు గట్టయ్యకు మంచిరోజులు. ఆమె ఎదురుచూపులో తనూ ఒక చెయ్యి వేసినట్టుండేది. గేటు వైపు చూస్తూ చూస్తూ తనకు కూడా, ఏమో, వాడు వస్తే అనిపించేది.

పన్నెండో రోజు తుంపర వాన. తిన్నాక ఇంటికి కన్నుంది కదా అన్న ధీమాతో గట్టయ్య కాళ్లు చాపుకుని మరీ పడుకున్నాడు. కుయ్యిమన్న చప్పుడు లేదు. బయట మోటార్‌సైకిల్ ఆగిన చప్పుడుకు కళ్లు తెరిచాడు. గేటు దగ్గర సెక్యూరిటీ పని చేసే విజయేందర్, ఒకప్పుడు సాయిచంద్‌తో ఒకే షిఫ్టులో బాయి దిగినవాడు, నాగవ్వను దింపుతున్నాడు.

"కాకా, ఇయ్యాల నీ అదురుష్టం. టిప్పర్ బ్రేకు గొడితే జానెడు దూరంల ఆగింది. గీ వానల, గీ నల్లంగిల ముసలమ్మ కనబడుతదా? డ్రైవర్ దిగి నెత్తి పట్టుకుని ఏడ్సిండు."

అప్పుడు చూశాడు గట్టయ్య. నాగవ్వ చీర మీద సాయిచంద్ డ్యూటీ అంగి. ప్రమాదానికి ముందురోజు వాడు వేసుకుని విప్పి, చిలక్కొయ్యకు తగిలించినది. మర్నాడు ఉతికిన జత తొడుక్కుపోయాడు. ఈ అంగిని నాగవ్వ ఉతకలేదు, ఎవరినీ ఉతకనివ్వలేదు. బొగ్గు, చెమట, నూనె కలిసి అట్టకట్టిన అంగి సందుగలో చీరల అడుగున ఉండేది.

"గిదెందుకు తొడిగినవే?"

"డ్యూటీ బట్టలు మర్సిపోయిండు గదా, ఇద్దామని. చేతులల్ల గిన్నె ఉండె, యాడ పట్టుకోను?"

గట్టయ్య ఆ అంగి విప్పి తలుపు కన్ను ముందు పట్టాడు. చప్పుడు లేదు. దగ్గరగా పట్టాడు, ఆనించాడు. చప్పుడు లేదు. భుజం మీది తువ్వాల పట్టాడు, కుయ్యిమంది. మళ్లీ అంగి, మళ్లీ మౌనం. కరీంనగర్ హాలు, నల్ల బూటు, బస్సులో తొడ చరుచుకున్న చప్పుడు ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. ముప్పై ఐదేళ్లు బొగ్గులో బతికినవాడు బొగ్గును మరిచాడు. మతిమరుపు జబ్బు ఇంట్లో ఒక్కరికే కాదు.

సాయంత్రం స్పందన అంతా విన్నది. సంచిలోంచి కొత్త తాళం తీసి గూట్లో పెట్టింది. అంటే ముందే కొని ఉంచుకుందన్నమాట.

గట్టయ్య ఊరుకోలేదు. మర్నాడు పాత పంచె ముక్క చింపి అంగికి ముందూ వెనకా కుట్టాడు. నాగవ్వ "మా వాని అంగికి గీ అతుకులేంది" అని గోళ్లతో పీకేసింది. దాన్ని దాచేస్తే ఇల్లంతా వెతికి, దొరక్క, చిన్నపిల్లలా నేల మీద కూర్చుని ఏడ్చింది. చివరికి మిగిలింది ఒకటే దారి. స్పందన రాగానే వాకిట్లోనే అడిగేశాడు.

"బిడ్డా, అంగి ఉతుకుదునా?"

ఆమె చెప్పులు విప్పబోతూ ఆగిపోయింది. భార్యకు మొగుడి వాసన ఆ ఇంట్లో ఇంకెక్కడా లేదు. అత్త లేనప్పుడు ఆ సందుగ తెరవడం గట్టయ్య ఒకటి రెండుసార్లు చూసి, చూడనట్టు పక్కకు తప్పుకున్నాడు.

"ఉతుకు మామా" అంది. "ఉన్నోళ్లు బతకాలె గదా."

నీళ్ల గోళెం పక్కన బకెట్టు పెట్టి, సోడా వేసి, తనే ఉతికాడు. మొదటి నీళ్లు కాటుకలా వచ్చాయి. రెండో నీళ్లూ అంతే. బొగ్గు నీళ్లు మోరీ వైపు పారుతుంటే అడ్డంగా చెయ్యి పెట్టాడు, ఎందుకు పెట్టాడో తనకే తెలియదు. వేళ్ల సందుల్లోంచి పోయాయి. ఐదో నీళ్లకు అంగి అసలు రంగు బయటపడింది. లేత నీలం. ఆ అంగి నీలంగా ఉండేదన్న సంగతే ఇంట్లో అందరూ మరిచిపోయారు. పిండి, ఆ తడి అంగిని తీసుకుపోయి కన్ను ముందు పట్టాడు. కుయ్యిమంది. గట్టయ్య అంగిని వాకిట్లో తీగ మీద వేసి, తలుపుకు తల ఆనించి ఏడ్చాడు.

స్పందన చాయ గ్లాసు తెచ్చి అతని చేతికిచ్చి పక్కన నిలబడింది. ఆ కన్నును అంత దగ్గరగా చూడటం ఆమెకు అదే మొదలు.

"మామా, దీపం, కన్ను రెండు ఒక్క దిక్కే ఎందుకున్నయి?"

"బండికి గట్లనే ఉంటయి బిడ్డా. దాని ముందట ఏముంటదో దానికి తెల్వది. తన వెలుతురు తాకి మర్లి రావాలె."

"మరి గిది తలుపు గదా." ఆమె అటు చెక్కను, ఇటు చెక్కను చూపించింది. "దీపం అటు, కన్ను ఇటు పెడితే కాకపోవునా? నడుమల నుంచి ఎవలు వొయినా అడ్డమస్తరు. నల్లగున్నా తెల్లగున్నా అడ్డం అడ్డమే గదా."

గట్టయ్య చాయ గ్లాసు కింద పెట్టాడు. అటు చెక్క చూశాడు. ఇటు చెక్క చూశాడు. నాలుగు టంకాలు విప్పి తీగ జరంత పొడుగు చేసి, వెలుతురు తెగితే మోగేలా బజ్జరును తిప్పి కలిపితే అయిపోయే పని. చిన్నపిల్లవాడికి తోచే పని. కొడుకు టంకం కదపొద్దని, కొడుకు ఒంటి బొగ్గు కడిగేశాడు. అంగి ఉతకకుండానే పని జరిగేదని స్పందనకూ అప్పుడు అర్థమైంది. ఇద్దరూ బట్టల తీగ వైపు చూశారు. నీలం అంగి లోంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా, తేటగా కారుతున్నాయి.

"నాకు ఇప్పుడే తోచింది మామా" అంది ఆమె, తప్పు చేసినదానిలా.

"నాకు ఇప్పుడు కూడా తోచలే బిడ్డా" అన్నాడు గట్టయ్య. చాయ తాగలేకపోయాడు.

మర్నాడు అంగి మడతపెట్టి నాగవ్వ ఒళ్లో పెట్టాడు. ఆమె విప్పి చూసింది, కాలరు చూసింది, గుండీలు చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. మొహంలో ఏమీ కదలలేదు.

"ఎవలదిది?"

"మన సాయిది."

"కాదు. ఎవలదో. ఇచ్చేసి రా పాపం, ఎతుక్కుంటరు."

సందుగలో పెట్టినా మళ్లీ తెరవలేదు. ఆ రోజు మూడింటికి బాయి కూత వేసింది. నాగవ్వ బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇది జబ్బు ముదరడమేనని, అంగికీ దీనికీ సంబంధం లేదని చెప్పింది. చదువుకున్న మనిషి, ఆమె చెప్పింది నిజమే కావచ్చు. గట్టయ్య నమ్మలేదు. స్పందన గూట్లోని తాళం తీసి ఎక్కడో పడేసింది. ఇక ఆ ఇంటికి తాళంతో పనిలేదు, కన్నుతోనూ పనిలేదు. గట్టయ్య కోరుకున్నది కోరుకున్నట్టే అయింది.

ఆరో రోజు మధ్యాహ్నం అతనికి కునుకు పట్టలేదు. లేచి తనే జొన్నరొట్టె చేశాడు, వంకరటింకరగా వచ్చింది. గిన్నెలో పెట్టి, ఉల్లిగడ్డ కారం వేసి, మూత పెట్టాడు. బయట కూత వేసింది. గిన్నె తెచ్చి నాగవ్వ చేతిలో పెట్టి, ఆమె చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టాడు.

"నాగవ్వా, మూడయింది. కూతేసింది. పోదమా?"

ఆమె గిన్నె వైపు, చెప్పుల వైపు, అతని వైపు మర్యాదగా చూసింది.

"ఏడికి అన్నా?" అంది.

గట్టయ్య పోయి, కూత ఆగేదాకా తలుపు సందులోనే నిలబడ్డాడు. అతని నడుము పక్కన సాయిచంద్ కన్ను కుయ్యిమంటూనే ఉంది.